యుద్ధకాలమున వార్తయు వదంతియు

(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల పాటలు విని, నాటకములు చూచి, బహుమతులు పంచుకొని సంతోషించు దినమున యుద్ధమును గూర్చిన ప్రసంగమేల యని మీలో కొందరికి తోపవచ్చును. కార్యదర్శిగారు నన్ను "తల్లిదండ్రులకు పనికివచ్చు విషయ మేదైన చెప్పుడు" అని కోరినప్పుడు నాకు 2025 మే నెలలోని ఒక రాత్రి జ్ఞప్తికి వచ్చినది. ఆ నెల 7వ తేదీన మన దేశమునకును పాకిస్తానునకును పోరు మొదలై నాలుగు దినములు సాగినది. 8వ తేది రాత్రి మా వీధిలో నొక తల్లి కన్నుమూయలేదు. ఆమె కుమారుడు సరిహద్దున సైనికుడు. ఇంటిలోని టెలివిజను శత్రువుల రేవుపట్టణము భస్మమైనదని కేకలు వేయుచుండెను. చేతిలోని ఫోను కుమారుని పటాలమున్న ఊరే నేలమట్టమైనదని చెప్పుచుండెను. తెల్లవారిన పిదప రెండును అసత్యములని తేలినవి. కుమారుడు క్షేమముగా నుండెను.

నేను కొంతకాలము పత్రికలో పనిచేసినవాడనని యెఱిగి, మరునాడు ఆమె నన్నిట్లడిగినది: "అన్నయ్యగారూ, నిజము తెలిసినవారు చెప్పరు. చెప్పువారికి నిజము తెలియదు. నాబోటిది ఎవరిని నమ్మవలెను?"

ఆ ప్రశ్నకు నే నప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ సమాధానమును వెదకుటయే నేటి నా ప్రసంగము.

యుద్ధము వచ్చినపుడు రెండు ధర్మములు ఎదురుబొదురుగా నిలుచును. సైన్యాధికారి ధర్మము దాచుట. తన దళము లెక్కడ నున్నవో, ఎప్పుడు కదలునో, ఎంతమందియో పొక్కనీయరాదు. పొక్కినచో అతని సైనికులు మరణింతురు. పత్రికావిలేఖరి ధర్మము తెలుపుట. ప్రజల బిడ్డలు పోరాడుచున్నారు, ప్రజల ధనము వ్యయమగుచున్నది; ఏమి జరుగుచున్నదో తెలిసికొను హక్కు ప్రజలకు కలదు. ఇద్దరును దేశమును సేవించువారే. అయినను ఒకరి పని మరియొకరికి అడ్డు. ఈ చిక్కు నేటిది కాదు. భారతమున సంజయుడు చేసిన పని విలేఖరి పనియే కదా! అతడు ధృతరాష్ట్రుని కొలువులోనివాడు. అయినను రాజు వినగోరిన మాటలు గాక, జరిగిన మాటలు చెప్పెను. భీష్ముడు కూలినపుడు కూలెననియే చెప్పెను. రాజు కుమారు లొకరి వెనుక నొకరు పడిపోవుచుండగా, ఆ తండ్రి యెదుటనే ఆ వార్తలన్నియు వినిపించెను. అట్టి విలేఖరిని సహించిన ధృతరాష్ట్రునికి ఆ మాత్రపు మెప్పు చెందవలసినదే.

ఈ వివాదమునకు మన చెన్నపట్టణముతో గల సంబంధము చాల పాతది. ఈ నగరపు మొదటి వార్తాపత్రిక మద్రాస్ కొరియర్ 1785లో వెలువడెను. పది సంవత్సరములలోనే, అనగా 1795లో, మద్రాస్ గెజెట్ అను మరియొక పత్రికకు ఒక ఆంక్ష వచ్చెను. ప్రభుత్వపు ఉత్తరువులను అచ్చువేయుటకు ముందు మిలిటరీ సెక్రెటరీకి చూపి ఆయన అనుమతి పొందవలెనట. గమనింపుడు: ఇచ్చట పత్రికలపై తనిఖీ మొదలైననాడు ఆ తనిఖీ సైనిక శాఖవారి చేతిలోనే యుండెను. 1799లో టిప్పుసుల్తానుతో యుద్ధము జరుగుచుండగా, ఫ్రెంచివారి భయమును పురస్కరించుకొని గవర్నరు జనరల్ వెల్లెస్లీ పత్రికలను ముందుగా పరిశీలించు నిబంధనలను ఏర్పరచెను. యుద్ధము ముగిసెను. నిబంధనలు మాత్రము వెంటనే పోలేదు. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొనుడు, మరల దీనితో పని పడును.

మౌంట్ రోడ్డు మీదుగా కోటవైపు పోవునపుడు జీను, రికాబులు లేని గుఱ్ఱముపై కూర్చున్న కంచు విగ్రహమును మీ పిల్లలకు చూపియే యుందురు. అది 1839లో నిలిపిన సర్ థామస్ మన్రో విగ్రహము. దత్తమండలములను పాలించి, రైతుల మన్నన పొంది, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాచే మరణించిన మన్రోను మన తెలుగువారు నేటికిని ఆదరముతో తలచుకొందురు. అట్టి మన్రో గవర్నరుగా నుండి 1822లో పత్రికాస్వాతంత్ర్యమునకు విరుద్ధముగా ఒక సుదీర్ఘమైన అభిప్రాయపత్రమును వ్రాసెను. పరదేశీయుల పాలనయు స్వేచ్ఛగల పత్రికయు ఒకచోట ఎక్కువకాలము నిలువజాలవని దాని సారాంశము. ఆయన ముఖ్యముగా భయపడినది సిపాయిలను గూర్చి. పత్రికలలోని మాటలు మొదట సామాన్యప్రజలకు గాక దేశీయ సైన్యమునకు చేరునని, సైన్యమున విధేయత సడలునని ఆయన యెంచెను. వెల్లూరు కోటలో 1806లో సిపాయిలు తిరుగబడిన సంగతి దొరలెవ్వరును మరువలేదు.

మన్రో మంచివాడు కాడని చెప్పుటకు నేనిది చెప్పలేదు. ఆయన దాచకుండ చెప్పిన నిజమును చూపుటకు చెప్పితిని. ప్రజలది కాని ప్రభుత్వము తన సైన్యమునకు వార్త చేరునని భయపడును. ప్రజలదైన ప్రభుత్వము ఆ విధముగా భయపడవలసిన పనిలేదు. ఇప్పటి మన సైన్యము మన బిడ్డల సైన్యము. మన్రో భయమును మనము వారసత్వముగా స్వీకరింపనక్కరలేదు.

ఇక వార్త లేనిచోట ఏమగునో చూతము. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి జర్మను యుద్ధనౌక ఎండెన్ చడిచప్పుడు లేక మన తీరమునకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లపై గుండ్లు కురిపించెను. కొద్ది నిమిషములలో నూటికి పైగా గుండ్లు పేలినవి. తొట్లు మండి ఆకాశ మెఱ్ఱబారెను. నౌక చీకటిలో మాయమయ్యెను. జరిగిన నష్టము ఒక పెద్ద నగరమునకు మిక్కిలి పెద్దది కాదు. కాని మరునాటి నుండి జనులు మూటముల్లెలు కట్టుకొని వేలకొలదిగా రైలుస్టేషనులకు పరుగెత్తిరి. ఎండెన్ మరల వచ్చుచున్నదని ఒకరు, సైనికులు దిగినారని ఒకరు చెప్పుకొనిరి. ఆ నౌకను నవంబరు 9వ తేదీన కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ కూల్చివేసినది. కాని దాని పేరు ఇచ్చటి తమిళమున జిత్తులమారికి, గడుసువానికి పర్యాయపదముగా నిలిచిపోయినది. హైకోర్టు ప్రహరీగోడ వద్ద ఆనాటి గుండు పడిన చోటును తెలుపు ఫలకము నేటికిని కలదు.

ఎండెన్ వచ్చుటకు ఆరునెలల లోపుననే, 1914 ఏప్రిల్ 1వ తేదీన, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయినుండి వారపత్రికగా నడుపుచుండిన ఆంధ్రపత్రికను ఈ నగరమున దినపత్రికగా ఆరంభించిరి. అప్పటికి 1910నాటి ప్రెస్సు చట్టము అమలులో నుండెను. సర్కారువారు ధరావతు అడుగవచ్చును, అచ్చువేసినది రుచింపకున్న దానిని జప్తు చేయవచ్చును. అయినను తన భాషలో, తన ఊరి వార్త ప్రతిదినము చదువుకొను అవకాశము చెన్నపురి తెలుగువానికి ఆ యేడే కలిగినది. ఇది స్వల్ప విషయము కాదు. పరభాషలో చదివిన వార్తను సగము అర్థము చేసికొనినవాడు మిగిలిన సగమును వదంతితో నింపుకొనును.

రెండవ ప్రపంచయుద్ధము నాటికి మన పత్రికలు బలపడినవి. 1940 అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమును ఆరంభింపజేయగా, యుద్ధప్రయత్నమునకు ప్రతికూలభావమును రేపు విషయములేవియు ముద్రింపరాదని భారతప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ మాటకు హద్దెక్కడ? సత్యాగ్రహి అరెస్టయినాడని చెప్పుటయు ప్రతికూలమే యనవచ్చును కదా! దేశమునందలి సంపాదకులు నవంబరులో ఢిల్లీయందు సమావేశమైరి. వారి సంస్థకు మొదటి అధ్యక్షుడు మన నగరమునందలి హిందూ పత్రిక సంపాదకుడు కస్తూరి శ్రీనివాసన్ గారు. వారు కలహమునకు దిగక, లొంగిపోవకయు, మధ్యేమార్గమును సాధించిరి. ప్రభుత్వము ఆ ఉత్తరువును ఉపసంహరించుకొనెను. యుద్ధమునకు నిజముగా హాని చేయు వార్తలను తామే విడిచిపెట్టుదుమని పత్రికలవారు మాట ఇచ్చిరి. సందేహము వచ్చినచోట సంప్రతించుటకు ప్రభుత్వము, పత్రికలు కలిసి సలహాసంఘములు ఏర్పడినవి. ఈ చరిత్రయంతటిలోను నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. సైన్యమునకును పత్రికకును నడుమ ఒడంబడిక కుదురునని, అది మాటమీద నిలిచినంతకాలము పనిచేయునని దీనివలన తెలియుచున్నది.

కాని ఆ ఒడంబడిక రెండేండ్లు నిండకమునుపే చీలినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. ప్రధానమైన తెలుగు దినపత్రికలు అప్పుడు చెన్నపట్టణము నుండియే ఉత్తరాదికి పోవుచుండినవి. విశాఖలోని బంధువుల క్షేమము తెలియక ఇచ్చటి తెలుగు కుటుంబములు పత్రికకొఱకు ఎదురుచూచుట సహజము. ఆ నెల రెండవ వారమున, అవసరమైన ఉద్యోగము లేనివారందరు నగరము విడిచిపొమ్మని ప్రభుత్వమే సలహా ఇచ్చెను. కార్యాలయములు లోనాటి ఊళ్లకు తరలినవి. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములు తప్పించుకొని వీధులలో పడునను భయముతో వానిని కాల్చివేసిరి. లక్షలాది జనులు ఊరు విడిచిరి. జపాను నౌకలు మాత్రము చెన్నపట్టణమునకు దిగలేదు. అపాయ మెంత యున్నదో ప్రభుత్వము నిదానముగా చెప్పగలిగియుండినచో ఆ జనులలో ఎందరు ఇల్లు విడిచెడివారు కారో ఆలోచింపుడు. చెప్పవలసిన దినములలో చెప్పక, చివరి దినమున "పొండు" అనినచో ప్రజలు నడువరు, పరుగెత్తుదురు.

ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము రాగానే ఆంక్షలు మరింత బిగిసినవి. ఆ ఆంక్షలకు లోబడి పత్రిక నడుపుటకన్న నడుపకుండుటయే మేలని కొందరు తలచిరి. రామనాథ్ గోయెంకా ఈ నగరమున ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ప్రచురణను కొంతకాలము నిలిపివేసిరి. చీరాలవారైన కోటంరాజు రామారావు గారు లక్నోలో నేషనల్ హెరాల్డ్ సంపాదకులుగా నుండి, సత్యాగ్రహ ఖైదీలను అధికారులు పెట్టిన బాధలను విమర్శించిన సంపాదకీయమునకు ఆరుమాసముల శిక్ష అనుభవించిరి. ఆ పత్రికయు 1942లో మూతపడి 1945లో గాని తిరిగి వెలువడలేదు. ఇచ్చట రహస్యమన్నది సైన్యపు రక్షణకొఱకు కాదు, పాలకుల సౌకర్యముకొఱకు. "యుద్ధము" అను ఒక్కమాట క్రింద ఈ రెండింటిని కలిపివేయుటయే అసలైన మోసము.

ఆ మోసమునకు బెంగాలు చెల్లించిన మూల్యము ఘోరమైనది. 1943లో అచ్చట జనులు తిండిలేక వీధులలో రాలిపోవుచుండగా, శత్రువునకు తెలియునను సాకుతో కరవు అను మాటయే పత్రికలలో రాకుండ అధికారులు ఒత్తిడి చేసిరి. ఆగస్టు 22వ తేదీన కలకత్తాలోని స్టేట్స్‌మన్ సంపాదకుడు అయాన్ స్టీఫెన్స్, తానొక ఆంగ్లేయుడై యుండియు, కలకత్తా వీధులలోని అన్నార్తుల ఛాయాచిత్రములను అచ్చువేసెను. నిబంధనలు మాటలను గూర్చియే గాని బొమ్మలను గూర్చి స్పష్టముగా చెప్పలేదు. ఆ బొమ్మలు లోకమును కదలించినవి. ఆ క్షామమున 20 నుండి 30 లక్షల మంది మరణించిరని అంచనా. వార్త ముందే వెలువడియుండిన ఎందరు బ్రదికెడివారో!

ఇంతవరకు విని, అయితే సైన్యము దాచుట ఎల్లప్పుడు తప్పేనా యని మీరడుగవచ్చును. కాదు. దీనికి మన విశాఖ తీరమే సాక్ష్యము.

1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుచు బంగాళాఖాతమునకు వచ్చెను. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవులలోని రహస్యస్థలమునకు తరలింపబడియుండెను. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ శత్రువును నమ్మించుటకు, రాజ్‌పుత్ అను చిన్న నౌక చేత విక్రాంత్ మాదిరిగా వైర్‌లెస్ సందేశములు పంపించెను. పెద్ద నౌక రేవులోనే యున్నదని తోపించుటకు విశాఖ బజారులో పెద్దయెత్తున సరుకులు కొనిపించెను. డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి ఘాజీ విశాఖ వెలుపల మునిగిపోయెను. అందులోని 90 మందికి పైబడిన నావికులు మరణించిరి. అది మన నౌక వేసిన పేలుడుగుండ్లచే మునిగెనని మనవారును, ప్రమాదవశమున పేలెనని వారును చెప్పుదురు. విశాఖ సాగరతీరమున విజయస్మారకమును మీరు చూచియుందురు. ఆ దినములలో ఏ విలేఖరియైనను విక్రాంత్ ఎచ్చటనున్నదో వ్రాసియుండినచో వందలకొలది మన నావికుల ప్రాణములకు ముప్పు వచ్చియుండెడిది. అట్టి రహస్యమును కాపాడిన పత్రిక తన ధర్మమును విడిచినది కాదు, నెఱవేర్చినది. అయితే మరియొకటి చూడుడు. ఘాజీ మునిగిన వార్తను డిసెంబరు 9వ తేదీన ప్రభుత్వమే ప్రకటించెను. పని తీరిన పిదప రహస్యము విడివడెను. సైన్యపు రహస్యమున కుండవలసిన రెండు గుణములు ఇందున్నవి. ఒకటి హద్దు, రెండవది గడువు.

గడువు లేని రహస్యమునకు 1962 ఉదాహరణము. ఆ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన చైనావారు దండెత్తిరి. ఒక మాసములో సేలా, బొమ్దిలా పడిపోయినవి. మన జవానులకు మంచుకొండలలో తగిన ఉన్నిబట్టలును, తగిన ఆయుధములును చాలలేదని దేశమంతటికి స్పష్టముగా తెలిసినది ఓటమి తరువాతనే. ఆ పరాజయ కారణములను లెఫ్టినెంటు జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ విచారించి 1963లో నివేదిక ఇచ్చిరి. ఆ నివేదికను ప్రభుత్వము అధికారికముగా నేటికిని ప్రకటింపలేదు. అందులో చాలభాగమును 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అను విదేశ పత్రికారచయిత బయలుపరచెను. అప్పటి ఫిరంగులు తుప్పుపట్టినవి, అప్పటి సేనానులు గతించిరి. ఇంకను శత్రువునుండి దాచవలసినది ఏమున్నది? వెల్లెస్లీ నిబంధనలను గుర్తుంచుకొమ్మని చెప్పితిని. యుద్ధము పోయినను మూత మాత్రము పోకుండుట పాత అలవాటే.

ఈ రెండు యుద్ధములను చూచినప్పుడు నాకు ద్రోణపర్వము తోచును. అశ్వత్థామ అను ఏనుగును చంపి, అశ్వత్థామ మరణించెనని ధర్మరాజు చేత పలికించిరి. ఏనుగను మాట శంఖధ్వనిలో కలిసిపోయెను. శత్రువును మోసగించుట యుద్ధమున కలదు. శ్రీకృష్ణుడే దానికి సమ్మతించెను. అయినను అంతవరకు నేలకు నాలుగంగుళముల పైన నడచిన ధర్మరాజు రథము ఆ దినమున నేలకు దిగెనని చెప్పుదురు. శత్రువును మోసగించినందుకే అంత శిక్షయైనపుడు, తన ప్రజలనే మోసగించు రాజ్యమున కేమి చెప్పవలెను?

ఇప్పుడు మన కాలమునకు వత్తము. 1999లో కార్గిల్ యుద్ధము మన దేశమున టెలివిజనులో జనులు చూచిన మొదటి యుద్ధము. సైనికుల త్యాగము ఇంటింటికి తెలిసినది. యుద్ధానంతరమున విచారణసంఘమునకు అధ్యక్షత వహించిన కె. సుబ్రహ్మణ్యం గారు మన ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి. గత యుద్ధముల ప్రామాణిక చరిత్రలు ప్రజలకు అందవలెనని ఆ సంఘము సూచించినది. 2008 నవంబరులో బొంబాయిపై ముష్కరులు దాడిచేసినపుడు మాత్రము టెలివిజనువారు హద్దు మీరిరి. కమాండోలు ఎచ్చట దిగుచున్నారో ప్రత్యక్షముగా చూపిరి. లోపలనున్న ముష్కరులకు పరదేశమునుండి ఫోనులో ఆజ్ఞలిచ్చువారు ఆ దృశ్యములను చూచుచుండిరి. 2012 ఆగస్టు 29వ తేదీన సుప్రీంకోర్టు తన తీర్పులో ఈ నడవడిని గట్టిగా మందలించెను. వాక్‌స్వాతంత్ర్యము పేర దానిని సమర్థింపజాలమనెను. ముష్కరులతో పోరు జరుగునపుడు ప్రత్యక్ష ప్రసారము కూడదని 2015లో నియమము వచ్చినది. ఇది న్యాయమైన నియమమే. ఇందు హద్దున్నది, పోరు ముగియువరకను గడువును ఉన్నది.

2025లో జరిగినది వేరు. ఏప్రిల్ 22వ తేదీన పహల్గామ్‌లో 26 మంది హత్యకు గురియైన తరువాత, సైనిక చర్యలను ప్రత్యక్షముగా చూపరాదని కేంద్రప్రభుత్వము 26వ తేదీన పత్రికలకును, సామాజిక మాధ్యమములను వాడు సామాన్యులకును సూచన చేసినది. అది సరియే. కాని మే 8వ తేది రాత్రి కొన్ని టెలివిజనులవారు, చూపుటకు నిజమైన వార్త లేక, కల్పించిన వార్తను చూపిరి. కరాచీ రేవు ధ్వంసమైనదనిరి. అది జరుగలేదు. పూర్వము సైన్యము విలేఖరి నోరు మూయునని మనము భయపడుచుంటిమి. ఇప్పుడు విలేఖరి తానే పటహము పట్టుకొని సైన్యముకంటె ముందు నడచుచున్నాడు. సైన్యము గెలువని చోటులను ఇతడు గెలిచెను. మరియొకవైపు, మన యుద్ధవిమానములు కొన్ని నష్టమైన మాటను రక్షణదళాల ప్రధానాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ అంగీకరించినది మే 31వ తేదీన, సింగపూరులో, విదేశ వార్తాసంస్థల యెదుట. యుద్ధ మాగిన మూడువారములకు ఆ మాట మన ప్రజలకు ఆ దారిన చేరినది. మన ఇంటి కబురు పొరుగింటినుండి వినవలసివచ్చినది. గర్వించుటకు తగిన సైన్యము గల దేశము తన నష్టమును తన ప్రజలకు తానే చెప్పగలదు. చెప్పినచో ఆ ప్రజలు క్రుంగిపోరు. 1971లో ఖుక్రీ అను నౌక మునిగినపుడు క్రుంగిపోలేదు.

మా వీధి తల్లి ప్రశ్నకు వచ్చితిని. ఎవరిని నమ్మవలెను? వ్యక్తిని గాని, టెలివిజనును గాని చూపి "వీరిని నమ్ముడు" అని చెప్పలేను. నమ్ముటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను మాత్రము చెప్పగలను. వీనిని పిల్లలకు పాఠముగా గాక ఇంటి అలవాటుగా నేర్పుడని నా మనవి.

మొదటిది: ఈ వార్తను చూచినవాడెవడు? "అట" యని ముగియు ప్రతి వాక్యమువద్ద ఆగవలెను. మన తెలుగున ఆ ఒక్క అక్షరమే వార్తను వదంతిగా మార్చును. చూచినవాని పేరు, ఊరు, వేళ లేని వార్త వార్త కాదు.

రెండవది: తెల్లవారువరకు ఓర్చుకొనినచో వచ్చు నష్టమేమి? యుద్ధకాలమున రాత్రి వచ్చిన మాటలు ఎన్నియో ఉదయమునకు నిలువవు. ఇంటిలో సైనికుడున్న కుటుంబమునకు పటాలమునుండి వచ్చు కబురే కబురు. ఇరుగుపొరుగువారు తమ చేతిలోని ఫోనును ఆ తల్లికి చూపకుండుటయే ఆమెకు చేయు ఉపకారము.

మూడవది: ఈ మాట మరియొక భాషలో ఎట్లున్నది? ఈ విషయమున మన పిల్లలు ధన్యులు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఇంగ్లీషు చదువుచున్నారు. మూడు భారములని మనము విచారింతుము. యుద్ధకాలమున ఇవి మూడు కన్నులు. ఒక భాషలోని పత్రిక ఆవేశముతో వ్రాసినదానిని మరియొక భాషలోని పత్రిక నిదానముగా వ్రాయవచ్చును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువగలవాడు సులభముగా మోసపోడు. మన పాఠశాలలో తెలుగు నిలుపుటకు మీరు పడుచున్న శ్రమకు ఇదియు నొక ఫలము.

నాలుగవది పిల్లలు అడుగవలసినది కాదు, చేయకూడనిది. ఈ నగరమున రేవు కలదు, ఆవడిలో ట్యాంకుల కర్మాగారము కలదు, తాంబరమున విమానస్థావరము కలదు, పరంగిమలవద్ద సైనికాధికారుల శిక్షణాలయము కలదు. సైనికుల రైలు పోవుచున్నప్పుడు మన కుఱ్ఱవాడు దానిని ఫోనులో చిత్రించి పదిమందికి పంపినచో, బొంబాయిలో టెలివిజను చేసిన తప్పునే అతడును చేసినవాడగును. పూర్వము ఈ ధర్మసంకటము సేనానికి, సంపాదకునికి మాత్రమే యుండెను. ఇప్పుడు ఫోను పట్టిన ప్రతివాడును సంపాదకుడే. సంపాదకుని అధికారము వచ్చినప్పుడు అతని బాధ్యతయు రావలెను కదా.

ఇక పెద్దలమైన మనము అడుగవలసినది మరియొకటి కలదు. యుద్ధము జరుగుచుండగా "చెప్పము" అనిన ప్రభుత్వమును మన్నింతము. యుద్ధము ముగిసిన పిమ్మట "ఇక చెప్పుడు" అని అడుగుట మానవలదు. అడుగువానిని దేశద్రోహియని నిందించుట తగదు. కుమారుని సరిహద్దునకు పంపిన తల్లికంటె దేశభక్తి గలవారెవరు? ఆమెయే అడుగుచున్నది.

 పిల్లల నాటకమునకు వేళ యగుచున్నది.